ఒకరు ఈత, ఒకరు సైకిల్, ఒకరు పరుగు: ట్రయాథ్లాన్ రిలేకి జట్టు కట్టడం ఎలా?

పొద్దున ఐదింటికి నల్లగొండలోని మేకల అభినవ్ స్టేడియానికి వెళ్తే పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. పానగల్ వైపు వెళ్తే సైకిళ్ల మీద ఒకరిద్దరు ఎదురవుతారు. ఇక చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఈ మూడూ ఒక్కరికే రావడం కష్టం. ముగ్గురు కలిస్తే మాత్రం ట్రయాథ్లాన్ రిలే జట్టు తయారైనట్టే. ఒకరు ఈది వచ్చి ఇంకొకరికి అప్పజెప్తారు, ఆయన సైకిల్ తొక్కి వచ్చి మూడో మనిషికి అప్పజెప్తాడు. గడియారం మొదటి మనిషి నీళ్లలో దిగినప్పుడు మొదలై, మూడో మనిషి గీత దాటినప్పుడే ఆగుతుంది.

ఒలింపిక్స్‌లో చూసే మిక్స్‌డ్ రిలే ఇది కాదు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉంటారు, నలుగురూ తలా మూడు పనులూ చేస్తారు. మనలాంటివాళ్ల రిలేలో తలా ఒక పనే.

ముందు దూరం తేల్చుకోండి

స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. హాఫ్ అంటే అదే వరుసలో 1.9, 90, 21.1 కిలోమీటర్లు. మొదటిసారి అయితే స్ప్రింటే ఎంచుకోండి. హాఫ్‌లో 90 కిలోమీటర్లు తొక్కేవాడి కోసం పరుగు మనిషి మూడు గంటలకు పైగా ఎదురుచూడాలి, అది కొత్త జట్టుకు భారమే. ఫీజు కట్టే ముందు రేసు నియమాల్లో కటాఫ్ సమయాలు, అంటే ఒక్కో భాగం ముగించాల్సిన గడువులు, చదవండి. ఈత మనిషి గడువు దాటితే మిగతా ఇద్దరి రేసు కూడా అక్కడితో ఆగిపోవచ్చు.

సన్నద్ధతకు పది వారాలు పెట్టుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు డాక్టర్‌కు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

ఈత మనిషి

బావి ఈత వచ్చినవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు, అది పెద్ద ఆస్తి. కానీ బావిలో తల పైకెత్తి ఈదడమే అలవాటు. అలా ఈదితే నడుము కిందికి దిగి, రెండు వందల మీటర్లకే ఆయాసం వస్తుంది. ముఖం నీళ్లలో పెట్టి, పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం పూల్‌లో కొత్తగా నేర్చుకోవాల్సిందే. 25 మీటర్ల పూల్ అయితే 750 మీటర్లంటే ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పై సార్లు. ఆగకుండా నలభై సార్లు చేయగలిగితే రేసు రోజు టెన్షన్ ఉండదు.

పూల్ అడుగున దారి చూపే గీత ఉంటుంది, చెరువులో ఉండదు. అందుకే ఆరేడు బారలకోసారి కళ్లు మాత్రం పైకి తెచ్చి, వెళ్లాల్సిన దిక్కున ఉన్న గుర్తు చూసుకోవడం సాధన చేయండి. రేసులో ఊపిరి ఆడనట్టు అనిపిస్తే వెల్లకిలా తిరిగి చెయ్యి పైకెత్తండి. రక్షణ పడవను పట్టుకుని ఆగవచ్చు. దాన్ని పట్టుకుని ముందుకు మాత్రం పోకూడదు.

సాధన కోసమని ఉదయసముద్రంలోనో, సాగర్ నీళ్లలోనో దయచేసి దిగకండి. ప్రతి ఎండాకాలం ఈతకు పోయి తిరిగిరాని పిల్లల వార్తలు మన జిల్లాల్లో చదువుతూనే ఉన్నాం. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

సైకిల్ మనిషి

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. రోడ్డుకీ, మట్టి దారికీ పనికొచ్చే మామూలు హైబ్రిడ్ సైకిల్ చాలు, కానీ రెండు బ్రేకులూ గట్టిగా పట్టాలి, హ్యాండిల్ కొనలకు మూతలు ఉండాలి. మూత లేని సైకిల్‌ను తనిఖీలో ఆపేస్తారు, ఎందుకంటే పడినప్పుడు ఆ గొట్టం ఒంట్లో దిగుతుంది.

మన రోడ్ల మీద సాధనకు రెండు జాగ్రత్తలు. వరి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లతో నిండిపోతుంది, చుట్టూ అడ్డంగా రాళ్లు పెడతారు. తెల్లవారకముందు అవి కనపడవు, కాబట్టి ఆ నెలల్లో వెలుగొచ్చాకే బయల్దేరండి. రెండోది సర్కారు తుమ్మ ముల్లు. రేసులో పంక్చరైతే బయటివాళ్లు సాయం చేయకూడదు, కాబట్టి ట్యూబ్ మార్చడం మీకే రావాలి. ఇంటి ముందు కూర్చుని పదిసార్లు మార్చి చూడండి.

పరుగు మనిషి

జట్టులో ఎక్కువ నష్టపోయేది ఈయనే, అదీ సాధనలో ఒక చిన్న లెక్క తప్పడం వల్ల. అందరం ఐదింటికి చల్లగా పరుగెత్తుతాం. రిలేలో మాత్రం మీ వంతు వచ్చేసరికి స్ప్రింట్‌లో ఎనిమిది, ఒలింపిక్ దూరంలో తొమ్మిది కావచ్చు. తెల్లవారుజామున ఐదింటికే వచ్చి నిలబడి ఉంటారు, టిఫిన్ అరిగిపోయి ఉంటుంది, నెత్తిన ఎండ. అందుకే వారానికొకసారి కావాలనే ఎనిమిదిన్నరకు పరుగెత్తండి, ఎండాకాలం నెలలు మాత్రం వదిలేయండి. రేసు రోజు మీ వంతుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, అరగంట ముందు ఒక అరటిపండు సరిపోతాయి. నీడలో కూర్చోండి. సైకిల్ మనిషి రావడానికి పావుగంట ముందు లేచి ఒళ్లు వేడెక్కించుకోండి.

చిప్ మార్చుకోవడం

ఈ రేసులో చేతికి ఇచ్చే కర్ర ఉండదు. చీలమండకు కట్టే పట్టీలో సమయం లెక్కించే చిప్ ఉంటుంది, అదే చేతులు మారుతుంది. మా మొదటి రేసులో మా ఈత తమ్ముడు చాలా బాగా ఈది వచ్చాడు. నేను మా నంబర్ ఉన్న సైకిల్ స్టాండ్ దగ్గర కాకుండా గేటు దగ్గర నిలబడ్డాను. వాడు తడి కాళ్లతో వరుసలన్నీ వెతుకుతూ "అన్నా! అన్నా!" అని అరుస్తుంటే జనంలో వినపడలేదు. నాలుగు నిమిషాలు పోయాయి. వాడు నీళ్లలో సంపాదించినదంతా నేను నేల మీద పోగొట్టాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి ఇంటి దగ్గరే సాధన చేయండి. వచ్చినవాళ్లు నిలబడి ఎడమ కాలు ముందుకు పెట్టాలి. వెళ్లేవాళ్లు మోకాలి మీద కూర్చుని పట్టీ ఊడదీసి, తమ ఎడమ కాలికి కట్టుకోవాలి. తడి పట్టీ వేళ్లకు జారుతుంది, అందుకే బకెట్‌లో తడిపి మరీ చేయండి. మరీ వదులుగా కడితే పరుగులో చర్మం ఒరుసుకుపోతుంది.

సైకిల్ ముట్టుకోకముందే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలి. తిరిగి వచ్చాక సైకిల్ స్టాండ్‌లో పెట్టేదాకా తీయకూడదు. స్టాండ్ల మధ్య సైకిల్ ఎక్కకూడదు, నడిపించుకుంటూ వెళ్లి, సైకిల్ ఎక్కడానికి గీసిన గీత దాటాకే ఎక్కాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా పెనాల్టీ పడుతుంది.

ముందురోజే ముగ్గురూ కలిసి ఆ స్థలానికి వెళ్లి, నీళ్ల నుంచి మీ స్టాండ్ దాకా ఒకసారి నడవండి. ఎన్నో వరుస, పక్కన ఏ చెట్టు అన్నది గుర్తుపెట్టుకోండి. రేసయ్యాక ఎక్కడ కలవాలో కూడా అప్పుడే అనుకోండి, ఎందుకంటే ఫోన్లు బ్యాగుల్లో ఉంటాయి. పరుగు మనిషి గీత దాటగానే చిప్ తిరిగి ఇచ్చేయాలి, పోతే డబ్బులు కట్టమంటారు. సైకిల్ బయటికి తీసుకెళ్లడానికి చేతికి వేసిన నంబర్ పట్టీ చూపించాలి, దాన్ని అప్పటిదాకా తెంపకండి.