కథోలిక ఉన్నత పాఠశాలలో అందరినీ కలుపుకొనే మతబోధ: ఒడిశా సరిహద్దు జిల్లాల ఉపాధ్యాయులకు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ ప్రాంతాల కథోలిక ఉన్నత పాఠశాలల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వారిలో కథోలికులతో పాటు ఇతర క్రైస్తవ సంఘాలవారు, హిందువులు, ముస్లిములు, పూర్వుల కొలుపులనే పాటించే ఆదివాసీ కుటుంబాలవారు ఉంటారు. ఇటువంటి చోట ప్రధానోపాధ్యాయులు ముందుగా కథోలిక విశ్వాసాన్ని నేర్పే సత్యోపదేశాన్నీ, ఏ మతంవారికైనా మంచి నడవడి నేర్పే నీతిబోధనూ వేర్వేరు తరగతులుగా విడదీయాలి. రెండింటినీ కలిపితే కథోలిక పిల్లలకు దివ్య సంస్కారాలకు (తమ మతంలోని పవిత్ర కర్మలకు) చాలినంత సిద్ధపాటు దొరకదు. మిగతావారికి వారు కోరని బోధ అందుతుంది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు ఇస్తుండగా, 28వ అధికరణంలోని మూడవ ఖండం గుర్తింపు లేదా ప్రభుత్వ సహాయం ఉన్న సంస్థలో సంరక్షకుల అంగీకారం లేకుండా మైనరు విద్యార్థిని మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మనకూడదని చెబుతోంది. కాబట్టి చేరిక సమయంలోనే అంగీకార పత్రాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ విడిగా ఇచ్చి, చదవలేని తల్లిదండ్రులకు వారి భాషలో చదివి వినిపించాలి. ఫీజు రాయితీని, హాస్టల్ సీటును ఆ సంతకంతో ఎంతమాత్రం ముడిపెట్టకూడదు. ప్రలోభంతో మతమార్పిడిని నిషేధించే చట్టం ఒడిశాలో 1967 నుంచే ఉంది, చట్టం లేకపోయినా అది తగని పని. సత్యోపదేశం జరిగే గంటలోనే మిగతా పిల్లలకు నీతిబోధ పెట్టాలి. వారిని వరండాలో ఊరికే కూర్చోబెట్టడం గాని, ఆవరణ ఊడ్పించడం గాని చేస్తే తాము బయటివాళ్లమని వారికి అర్థమైపోతుంది.

పాఠశాల పండుగనాటి దివ్యపూజాబలికి (కథోలికుల ముఖ్య ఆరాధనకు) ముందు ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకోవాలి. ఏ గుడికి వెళ్లినా చేయి చాచి ప్రసాదం అందుకోవడం అలవాటైన పిల్లవాడు ఇక్కడా దివ్యసత్ప్రసాదం (ఆ పూజలో పంచే అప్పం) కోసం వరుసలో నిలబడి చేయి చాస్తాడు. అందరి ముందు పూజ చేసే గురువు (ఫాదర్) కాదంటే ఆ చిన్న మనసు నొచ్చుకుంటుంది. అందుచేత ముందురోజే తరగతిలో, దివ్యసత్ప్రసాదాన్ని కథోలికులు క్రీస్తు శరీరంగా విశ్వసిస్తారని, సిద్ధపడినవారే స్వీకరిస్తారని, మిగతావారు రాకపోయినా, వచ్చి మౌనంగా కూర్చున్నా తప్పులేదని నెమ్మదిగా వివరించాలి. విశ్వాసాన్ని పలుచన చేసి అందరికీ పంచడం కలుపుకోవడం కాదు.

ఇతర మతాలలో సత్యమైనదానినీ పవిత్రమైనదానినీ తిరుసభ (కథోలిక సంఘం) నిరాకరించదని కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. క్రైస్తవ విద్యపై ప్రకటన కూడా అదే రోజున వెలువడింది. నీతిబోధ తరగతిలో ఈ మాట ఆచరణలో కనిపించాలి. సవర విద్యార్థి తన ఇంటి గోడమీది ఇడితాల్ చిత్రాన్ని (సవరలు కొలుపు కోసం వేసే బొమ్మను) నోటుబుక్కులో గీసి తెస్తే మూఢనమ్మకమని కొట్టివేయకుండా, అది ఏ పెద్దల కోసం, ఏ సందర్భంలో వేస్తారో చెప్పమనాలి. అయితే ఎవరినీ హఠాత్తుగా లేపి వారి మతం గురించి చెప్పించకూడదు. ముందురోజు విడిగా అడిగి, ఇష్టపడితేనే చెప్పించాలి. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పడానికి ముందు తానే వారి భాష నేర్చుకున్నారు. ఈ ప్రాంత ఉపాధ్యాయులకు అంతకన్న దగ్గరి ఆదర్శం లేదు.

మార్గశిర లక్ష్మివారాల్లో తెలుగు, ఒడియా ఇళ్లలో ఆడపిల్లలు ఉదయం పూజపనిలో ఉంటారు గనుక క్రిస్మస్ నాటిక రిహార్సళ్లను ఆ పూట పెట్టకూడదు. వినికిడి లోపం, బుద్ధిమాంద్యం ఉన్న కథోలిక పిల్లలను సత్యోపదేశం నుంచి మినహాయించకుండా బొమ్మలు, అభినయం ద్వారా సిద్ధం చేయాలి.

నీతిబోధ పరీక్షలో విశ్వాసానికి మార్కులు వేయకూడదు. దారిలో గాయపడి ఉన్న పరాయివాడిని ఆదుకున్న మంచి సమరీయుని గురించి యేసు చెప్పిన ఉపమానం చెప్పినప్పుడు, "గాయపడినవాడిని చూసి ఇద్దరు ఎందుకు తప్పుకొని పోయి ఉంటారు, మన ఊరి బస్టాండులో ఆ పరిస్థితి వస్తే మీరేం చేస్తారు?" అని అడిగితే, ఏ ఇంటి పిల్లలైనా తమ మనసులోని మాట రాయగలుగుతారు.