నికెల్ సూపర్ అలాయ్‌ల వెల్డింగ్ – 4వ పాఠం: కొలిమిలో పుట్టే పగులు

గత పాఠంలో కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు వచ్చే పగులును చూశాము. ఈసారి చూడబోయేది అంతకంటే మోసకారి. వెల్డింగ్ చక్కగా పూర్తవుతుంది, పగుళ్లను రంగు ద్రవంతో బయటపెట్టే డై పెనెట్రెంట్ పరీక్షలో తెల్లని డెవలపర్ మీద ఒక్క ఎర్ర గీత కూడా తేలదు. అదే జాయింటు ఉష్ణచికిత్స ముగించుకొని బయటికి వచ్చేసరికి, వెల్డు అంచును ఆనుకొని మూల లోహంలో సన్నని బీట కనబడుతుంది. దీనిని స్ట్రెయిన్ ఏజ్ క్రాకింగ్ అంటారు. దీని మూలం లోహపు రసాయనిక కూర్పులోనే ఉంది.

నికెల్ ప్రధానంగా ఉండే ఈ సూపర్ అలాయ్ మిశ్రమాలకు ఎర్రటి వేడిలోనూ బలాన్నిచ్చేవి గామా ప్రైమ్ అనే సూక్ష్మ కణాలు. పరమాణువుల లెక్కలో మూడు పాళ్ల నికెల్‌కు ఒక పాలు అల్యూమినియం, టైటానియం కలిస్తే అవి ఏర్పడతాయి. వెల్డు చల్లారుతూ కుంచించుకుపోవడం వల్ల జాయింటులో మిగిలిన బిగువును వదిలించడానికే దానిని కొలిమిలో పెడతాము. కాని సొల్యూషన్ ఎనీలింగ్ (గామా ప్రైమ్ లోహంలో తిరిగి కలిసిపోయేలా బాగా వేడిచేయడం) ఉష్ణోగ్రతకు చేరే దారిలో సుమారు 650 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ప్రాంతాన్ని దాటక తప్పదు. గామా ప్రైమ్ వేగంగా ఏర్పడేది అక్కడే. బిగువు సడలకముందే గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) లోపలి భాగం గట్టిపడిపోవడంతో, సాగవలసిన భారమంతా గ్రెయిన్ సరిహద్దుల మీద పడుతుంది. అంత సాగుడు తట్టుకోలేక అవి విడిపోతాయి.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. అల్యూమినియం శాతాన్ని రెట్టింపు చేసి, దానికి టైటానియం శాతాన్ని కలపండి. మొత్తం 6 దాటితే ప్రమాదం ఎక్కువని ఒక మోటు లెక్క. వాస్పలాయ్ అనే సూపర్ అలాయ్‌లో అల్యూమినియం 1.3, టైటానియం 3.0 కనుక మొత్తం 5.6, రెనే 41లో 1.5, 3.1 కనుక 6.1. టర్బైన్ బ్లేడ్లకు పోతపోసే ఐఎన్ 738లో రెండూ 3.4 చొప్పున ఉండటంతో లెక్క 10.2కు చేరుతుంది. అయితే 5.6 వచ్చిందని వాస్పలాయ్‌ను నిశ్చింతగా వెల్డు చేయరాదు. ఈ లెక్క హెచ్చరికే గాని తీర్పు కాదు. మందపాటి, బిగించి పట్టిన జాయింటులో అదీ పగులుతుంది.

ఈ చిక్కుకు కూర్పుతోనే దొరికిన జవాబు ఇంకొనెల్ 718. అమెరికాలోని హంటింగ్టన్‌లో ఇంటర్నేషనల్ నికెల్ సంస్థకు చెందిన హెర్బర్ట్ ఐసెల్‌స్టీన్ దీనిని రూపొందించాడు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఇదే రకాన్ని సూపర్‌ని 718 పేరుతో తయారుచేస్తుంది. ఇందులో అల్యూమినియం, టైటానియం తక్కువ, నియోబియం సుమారు 5 శాతం. నియోబియం వల్ల ఏర్పడే గామా డబుల్ ప్రైమ్ అనే మరో రకం కణం చాలా నెమ్మదిగా పుడుతుంది, కాబట్టి లోహం గట్టిపడకముందే బిగువు సడలడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆ మేలుకు మూల్యం కూడా ఉంది. గడ్డకట్టేటప్పుడు నియోబియం చివరి ద్రవంలోకి నెట్టబడి, లేవ్స్ దశ అనే పెళుసైన సమ్మేళనంగా మిగులుతుంది. వెల్డు పక్కన నియోబియం కార్బైడ్ల చుట్టూ, గ్రెయిన్ సరిహద్దుల వెంబడి లోహం కొద్దికొద్దిగా కరిగి సూక్ష్మమైన పగుళ్లకు దారితీస్తుంది. బోరాన్ ఈ ధోరణిని పెంచుతుంది. గంధకం మరీ హానికరం: నికెల్‌తో కలిసి సుమారు 640 డిగ్రీలకే కరిగే మిశ్రమం అవుతుంది. గ్రీజు, కటింగ్ ఆయిల్, గుర్తులు పెట్టే రంగు క్రేయాన్ల జాడ కూడా మిగలకుండా, వెల్డు చేసే చోటును ఎసిటోన్‌తో తుడిచి తీరాలి.

కనుక ఏజింగ్ చేసిన (గట్టిపరిచే కణాలు ఏర్పడేలా వేడిలో ఉంచిన) ముక్కను కాకుండా సొల్యూషన్ ఎనీలింగ్ చేసినదాన్నే వెల్డు చేయండి, వేడిని తక్కువగా ఇవ్వండి, ఆ తరువాతి ఉష్ణచికిత్సలో అపాయకరమైన ప్రాంతాన్ని వీలైనంత త్వరగా దాటించండి. ఇంకొనెల్ 625 అనే మెత్తని నికెల్ మిశ్రమపు ఫిల్లర్ (జాయింటును నింపే) తీగ వెల్డు బిగువును కొంత తగ్గిస్తుంది, కాని పక్కనున్న మూల లోహపు కూర్పును మార్చలేదు.

అభ్యాసం: హేన్స్ 282లో అల్యూమినియం 1.5, టైటానియం 2.1 శాతం. లెక్క వేసి, వాస్పలాయ్‌తో పోల్చి, వెల్డింగ్‌కు మీరు ఏది ఎంచుకుంటారో కారణంతో రాయండి.