బిల్లుల పని బయటికి ఇచ్చే ముందు జాగ్రత్తలు

☐ ముందు మన పద్ధతిని కాగితం మీద పెట్టాలి. మేం బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే ఎంట్రీ పనిని విశాఖ మధురవాడలో ఒకళ్లకు ఇచ్చినప్పుడు ఈ పనే చేయలేదు. సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ (ఆ మేరకు బిల్లు మొత్తం తగ్గించినట్టు ఇచ్చే చీటీ) ఎలా ఎక్కించాలో మా అకౌంటెంట్ గారి బుర్రలో తప్ప ఎక్కడా లేదు. వాళ్లు దాన్ని మామూలు బిల్లులాగే ఎక్కించేశారు. సరిదిద్దేసరికి రెండు ఆదివారాలు పోయాయి. తప్పు వాళ్లది కాదు, మాదే.

☐ ఆ కాగితాన్ని పని తెలియని కుర్రాడికిచ్చి పది బిల్లులు చేయించండి. ఎక్కడ ఆగి అడిగాడో అక్కడ ఇంకా రాయాల్సింది ఉన్నట్టే.

☐ పని తీసుకునేవాళ్లు ‘99 శాతం కరెక్ట్’ అంటే అది బిల్లుకా, గడికా (బిల్లులో పేరు, తేదీ లాంటి ఒక్కో వివరానికా)? బిల్లుకు 20 గడులుంటే, గడి లెక్కన 100 బిల్లుల్లో 20 తప్పులు ఒప్పుకున్నట్టే!

☐ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పని ఎవరు చేసినా కస్టమర్ల వివరాల బాధ్యత మనదే. సరైన భద్రత లేక అవి బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ అస్సలు వద్దు.

☐ తుఫాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. ‘బ్యాకప్ ఆఫీసు ఉందండీ’ అంటారు. అది కూడా విశాఖలోని రుషికొండలోనే ఉంటే ఏం లాభం? ఏ ఊళ్లో ఉందో అడగండి.

☐ వాళ్లకు పని ఇవ్వడం మానేస్తే మన డేటా ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో రాయించుకోండి.

☐ మొదటి నెల పాత పద్ధతినీ పక్కనే నడపండి. ఖర్చే, కానీ టెన్షన్ ఉండదు.