అస్థిరత మారణహోమంగా మారే దారిని చదవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో తెలుగులో చదువుకుంటూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఈ అంశాన్ని తారీఖుల పట్టికగా కంఠస్థం చేయకుండా, రాజ్యం ఎక్కడ బలహీనపడింది, ఆ ఖాళీని ఎవరు ఆక్రమించారు, ఎవరిని శత్రువులుగా చూపించారు అన్న ప్రశ్నలతో చదవాలి.

ముందు కంబోడియాను తీసుకోండి. 1970లో దేశాధినేత సిహనూక్‌ను తొలగించిన లాన్ నోల్ ప్రభుత్వం అంతర్యుద్ధంలో కుంగిపోగా, 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు దళం రాజధానిని పట్టుకుని పట్టణవాసులను పల్లెలకు తరిమింది. 1979 జనవరి దాకా సాగిన ఆ పాలనలో సుమారు 17 లక్షల మంది మరణించారని అంచనా.

రువాండాలో క్రమం వేరు కనుక దానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. బెల్జియం పాలకులు 1930లలో ఇచ్చిన గుర్తింపు కార్డులు అక్కడి రెండు ప్రధాన వర్గాలైన హుటు, టుట్సీ అన్న తేడాను కాగితం మీద గట్టిపరిచాయి. (ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మనకు మనుషులను వర్గాలుగా విడదీసే ఇలాంటి గడులు కొత్త కావు, గడి కన్నా దాన్ని వాడే చేయి ముఖ్యం.) 1990 అక్టోబరులో హుటుల ఆధిపత్యంలోని ప్రభుత్వానికీ టుట్సీల నాయకత్వంలోని తిరుగుబాటుదారులకూ యుద్ధం మొదలైంది, 1993 ఆగస్టులో టాంజానియాలోని అరూషాలో వారి మధ్య కుదిరిన అధికార పంపిణీ ఒప్పందం హుటు అతివాదులకు మింగుడుపడలేదు, వారి రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చివేశాక సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మంది, ఎక్కువగా టుట్సీలు, హతులయ్యారు. ఆ కూల్చివేతే కారణమని రాస్తే అది సగం జవాబే, ఎందుకంటే ఆయుధాలు, పేర్ల జాబితాలు అప్పటికే సిద్ధమయ్యాయి.

ప్రతి విప్లవమూ ఇలా ముగియదని చూపడానికి 1974లో పెద్దగా రక్తపాతం లేకుండా నియంతృత్వాన్ని కూల్చిన పోర్చుగల్‌ను ఒక వాక్యంలో ప్రస్తావిస్తే సరిపోతుంది. చివరగా, ఏది మారణహోమమో (జెనోసైడ్) చెప్పే 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందపు నిర్వచనంలో జాతీయ, జాతి, వర్ణ, మత సమూహాలే ఉన్నాయి, రాజకీయ సమూహాలు లేవు.