ఎక్కడిదాకా మాట్లాడొచ్చు, ఎక్కడ మాట్లాడితే బాగుంటుంది: హ్యామ్ లైసెన్సు హద్దులు, బ్యాండ్ ప్లాన్

సరదాకి రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్లనే హ్యాములంటారు. కొత్తగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చేతికొచ్చినవాళ్లు ముందు చేసే పని నెట్‌లోంచి ఏ ఫ్రీక్వెన్సీలు హ్యాములవో చూపే రంగురంగుల బ్యాండ్ చార్టు ఒకటి దింపుకుని గోడకి అంటించుకోవడం. చాలామటుకు అది అమెరికా చార్టే. అందులో 40 మీటర్ల బ్యాండ్ (బ్యాండ్లని తరంగం పొడవుతో పిలుస్తారు) 7.300 మెగాహెర్ట్జ్ దాకా, 2 మీటర్లు 148 దాకా ఉంటాయి. మనకి మొదటిది 7.200 దగ్గర, రెండోది 146 దగ్గర ఆగిపోతాయి. అమెరికా హ్యాములు ఒకరినొకరు పిలుచుకునే 146.520 మీద అమీర్‌పేటలో పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే మీట) నొక్కితే మీరు హ్యామ్ బ్యాండ్ దాటి బయట ఉన్నట్టే. ఆ చార్టు తీసేయండి.

ముందు లైసెన్సు సంగతి. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ప్రపంచాన్ని 3 రీజియన్లుగా విడగొట్టింది, మనది మూడోది. ఆ కేటాయింపులకు లోబడి మన టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ వింగ్ జాతీయ ఫ్రీక్వెన్సీ ప్రణాళిక తయారుచేస్తుంది. మీ గ్రేడు జనరలా, రెస్ట్రిక్టెడా అన్నదాన్ని బట్టి మీకు దక్కే బ్యాండ్లు, పవర్ లైసెన్సు షెడ్యూల్లో ఉంటాయి. చట్టపరంగా ఆ కాగితానిదే చివరి మాట. బ్యాండ్ ప్లాన్ అలా కాదు. ఏ ముక్కలో మోర్స్, ఏ ముక్కలో డిజిటల్, ఎక్కడ వాయిస్ అని అంతర్జాతీయ హ్యామ్ సంఘం ఐఏఆర్‌యూ ద్వారా హ్యాములే కుదుర్చుకున్న ఒప్పందం అది. పాటిస్తేనే పది మందికీ చోటు దొరుకుతుంది.

ఇక్కడొక చిక్కుంది. రీజియన్ 3 ప్లాన్ బోలెడు దేశాలకి కలిపి రాసింది కాబట్టి అందులో మనకి లేని 146–148 లాంటి భాగాలు కూడా కనిపిస్తాయి. ప్లాన్‌లో ఉంది కదా అని హక్కు రాదు. అందుకే ముందు షెడ్యూలు, ఆ తర్వాతే ప్లాన్.

హద్దు లెక్క ఎలా వేయాలో చూద్దాం. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. డయల్ మీద కనిపించే అంకె మీ సిగ్నల్ మొత్తం కాదు. ఎస్‌ఎస్‌బీ (సిగ్నల్‌లో ఒక పక్క భాగాన్నే పంపే పద్ధతి) వాయిస్ దాదాపు 3 కిలోహెర్ట్జ్ వెడల్పుంటుంది. దాని పై రకం యూఎస్‌బీలో అది డయల్ అంకెకి పైవైపు పరుచుకుంటుంది, కింది రకం ఎల్‌ఎస్‌బీలో కిందివైపు. 20 మీటర్లు 14.350 దగ్గర ముగుస్తాయి. 14.349 మీద యూఎస్‌బీలో మాట్లాడితే గొంతు 14.352 దాకా పోతుంది, అంటే మూడింట రెండొంతులు బ్యాండ్ బయటే. 14.346 దాటకపోతే నిశ్చింత. 40 మీటర్లలో ఎల్‌ఎస్‌బీ వాడతాం కాబట్టి పై అంచు అంత ప్రమాదం కాదు. అయినా 7.200 పైన షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు గట్టిగా వినిపిస్తుంటాయి, అక్కడికి దూరంగా ఉండటమే మేలు. ఎఫ్‌ఎం వాయిస్ అయితే డయల్‌కి రెండువైపులా కలిపి సుమారు 16 కిలోహెర్ట్జ్ తీసుకుంటుంది. 70 సెంటీమీటర్ల బ్యాండ్ 434–438 మీ షెడ్యూల్లో ఉన్నా, సరిగ్గా 434.000 మీద ఎఫ్‌ఎం పెడితే సగం సిగ్నల్ బయటికి పోతుంది.

చవక హ్యాండ్‌హెల్డ్‌లతో ఇంకా జాగ్రత్త కావాలి. 136 నుంచి 174 దాకా ఎక్కడైనా ట్రాన్స్‌మిట్ చేసేస్తాయి, వద్దని చెప్పవు. 70 సెంటీమీటర్లలో రిపీటర్ షిఫ్ట్ (సిగ్నల్‌ని అందుకుని తిరిగి పంపే రిపీటర్‌కి మనం పంపే, దాన్నుంచి వినే ఫ్రీక్వెన్సీల తేడా) 5 మెగాహెర్ట్జ్‌గా సెట్ అయి ఉంటే వెంటనే చూసుకోండి. మన 434–438 బ్యాండ్ వెడల్పే 4, కాబట్టి 5 జరిగితే ఎటు జరిగినా బయటే పడతారు. 2 మీటర్లలో మామూలు షిఫ్ట్ 600 కిలోహెర్ట్జ్. 145.800 నుంచి 146.000 వరకు ఉపగ్రహాలకి వదిలిన చోటు, అంతరిక్ష కేంద్రం వాయిస్ కూడా 145.800 మీదే దిగుతుంది. ఛానెల్ ఖాళీగా ఉందని అక్కడ కబుర్లు పెట్టుకోకండి. మీకు వినపడకపోయినా, ఉపగ్రహం మీద గురిపెట్టిన యాంటెన్నాకి మీరే అడ్డవుతారు.

బ్యాండ్ ప్లాన్ చదవడానికి 20 మీటర్లు మంచి పాఠం. 14.000 నుంచి 14.070 దాకా మోర్స్, ఆపైన సన్న డిజిటల్. కంప్యూటర్‌తో చేసే డిజిటల్ మోడ్ ఎఫ్‌టీ8కి డయల్ 14.074, 40 మీటర్లలో 7.074. రెండుచోట్లా యూఎస్‌బీయే, 40 మీటర్లు కదా అని ఎల్‌ఎస్‌బీ పెడితే ఒక్క సిగ్నలూ డీకోడ్ కాదు. 14.100 బీకన్లది, అంటే సిగ్నల్ ఎక్కడిదాకా చేరుతోందో తెలియడానికి వాటంతటవే పంపే స్టేషన్లది. ప్రపంచంలో 18 స్టేషన్లు తలా 10 సెకన్లు వంతులవారీగా పంపుతాయి, 3 నిమిషాలకి ఒక చుట్టు. మనకి దగ్గర్లో ఉన్నది శ్రీలంక బీకన్ 4ఎస్7బీ. అక్కడ వినాలి, పంపకూడదు. వాయిస్ దానికి పైన. 14.300 అత్యవసర సమాచారానికి కేంద్రం. తుఫాను, వరద రోజుల్లో దాని చుట్టుపక్కల కూడా ఖాళీగా ఉంచండి. 10.100–10.150లో ప్లాన్ ప్రకారం వాయిస్ లేదు, పోటీలూ లేవు. పైగా అక్కడ హ్యాములు సెకండరీ, అంటే ప్రైమరీ సేవకి అంతరాయం కలిగితే తప్పుకోవాల్సింది మనమే.

ఇప్పుడు మీ చార్టు మీరే రాసుకోండి. ఒక వరసలో షెడ్యూలు అంచులు, రెండో వరసలో మోడ్ (ఎస్‌ఎస్‌బీ, ఎఫ్‌ఎం లాంటి పద్ధతి) వెడల్పు తీసేశాక మిగిలే డయల్ అంకెలు, మూడో వరసలో ప్లాన్ ముక్కలు. వాటినే రేడియో మెమరీల్లోకి ఎక్కించండి. ఏదైనా అంకె దగ్గర అనుమానం వస్తే సోమాజిగూడలోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో అడగొచ్చు.

సొంతంగా కట్టుకున్న రేడియో అయితే డయల్‌నే నమ్మకూడదు. అష్హర్ ఫర్హాన్ హైదరాబాద్‌లో డిజైన్ చేసిన మైక్రోబిటెక్స్ లాంటి కిట్లు పెట్టెలోంచి తీసినప్పుడు కొన్ని వందల హెర్ట్జ్ తేడా చూపించొచ్చు. చైనా టైమ్ సిగ్నల్ బీపీఎం 10.000 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. దాన్ని యూఎస్‌బీలో పట్టి, ఈల శ్రుతి తగ్గి తగ్గి ఆగిపోయేదాకా డయల్ తిప్పండి. ఆ క్షణాన డయల్ 10.0001 చూపిస్తే అది 100 హెర్ట్జ్ ఎక్కువ చెబుతోందన్నమాట. లోపం ఫ్రీక్వెన్సీతోపాటే పెరుగుతుంది కాబట్టి 14 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 140 అవుతుంది. క్యాలిబ్రేషన్ మెనూలో సరిచేశాక, రేడియో అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ ఒకసారి చూడండి.