రాగి సంగటి పక్కన వైన్ గ్లాసు: చిత్తూరు వంటలకు నంది కొండల వైన్‌ను ఎలా జత చేయాలి?

మన ఊళ్లలో వైన్ షాపు అని పెద్ద అక్షరాల బోర్డు ఉంటుంది. లోపల బ్రాందీ, విస్కీ, బీరు బారులు తీరి ఉంటాయి. అసలు వైన్ మాత్రం ఏ మూలనో దుమ్ము పట్టిన నాలుగు సీసాలు. అడిగితే అమ్మేవాడే ఒకసారి మన ముఖంలోకి చూస్తాడు.

నేను మొదటిసారి అలా అడిగి తెచ్చిన సీసా కనుమ నాడు మా బావ వాళ్లింట్లో తెరుచుకుంది. మాంసానికి ఎర్ర వైన్, చేపకు తెల్ల వైన్ అని ఎక్కడో విన్న సూత్రం ఒక్కటే నా పాండిత్యం. నాటుకోడి పులుసు పక్కన, ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాలో మగ్గిన ఖరీదైన ఎర్ర వైన్ పెట్టాను. బావ ఒక గుక్క తాగి గ్లాసు దించి, "కషాయం బాగుంది, ఇంతకీ జలుబు ఎవరికి?" అన్నాడు. వైన్‌లో లోపం లేదు, పులుసులోనూ లేదు. ఆ పెళ్లి కుదిర్చినవాడిదే తప్పు.

చిత్తూరు భోజనంలో వైన్‌ను నిర్ణయించేది కోడీ కాదు, మేకా కాదు, ఎండుమిరప, చింతపండు. ఈ సంగతి పట్టుకుంటే మిగిలినదంతా వంటింటి లెక్కే.

ముందుగా: సీసా ఎక్కడిది, ఎవరికి?

మనకు దగ్గరి వైన్ ప్రాంతం కర్ణాటకలోని నంది కొండలు. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లి చిక్కబళ్లాపురం వైపు తిరిగితే ఆ కొండలు కనబడతాయి. కుప్పం వైపు మన నేలను తాకి తమిళనాడుకు పోయే పాలారు పుట్టేది ఆ ప్రాంతంలోనే. కొండల దిగువన, దొడ్డబళ్లాపురం దగ్గర, 1988లో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టిన ద్రాక్ష తోటలే ఇప్పటి గ్రోవర్ జంపా వైనరీ. తెల్ల వైన్‌కు సావిన్యాన్ బ్లాంక్, వియోనియే, ఎర్ర వైన్‌కు షిరాజ్, కాబర్నే సావిన్యాన్ వంటి ఫ్రెంచి ద్రాక్ష రకాలను అక్కడి ఎర్ర నేలలో నిలబెట్టారు. ఆ ఎత్తులో పగటి వేడికీ రాత్రి చలికీ తేడా బాగా ఉండటం వల్ల పండులో తీపి పెరిగినా పులుపు పూర్తిగా చావదు. వైన్‌కు కావలసింది ఆ పులుపే. ఏటా రెండుసార్లు కొమ్మలు కత్తిరించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత కోస్తారు. మన దగ్గర మామిడి పిందె కట్టే రోజులన్నమాట. ముందుగా చెప్పి వెళ్తే తోట చూపించి, వైన్ రుచి కూడా చూపిస్తారు.

రుచి చూసి రండి, సీసాలు మాత్రం డిక్కీలో వేసుకుని రావద్దు. పక్క రాష్ట్రం నుంచి అనుమతి లేకుండా మద్యం తేవడం ఆంధ్రప్రదేశ్‌లో నేరం. ఇక్కడి లైసెన్సు దుకాణంలో దొరికేదే కొనండి. అదే పేరు దొరకకపోతే అదే ద్రాక్ష రకంతో చేసిన నాసిక్ వైన్ తీసుకున్నా ఈ వ్యాసం పనికివస్తుంది. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. తిరుమల కొండ మీదికి మద్యం తీసుకుపోవడం నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది. దర్శనం పెట్టుకున్న రోజున ఈ ముచ్చటే వద్దు. గర్భిణులు, మందులు వాడుతున్నవారు, బండి నడపాల్సినవారు కూడా ఇక్కడితో ఆగి, వంటల సంగతి చదువుకుంటే చాలు.

మొదటి మెట్టు: నాలుగు చిన్న గిన్నెల పరీక్ష

వంటకం జోలికి పోకముందే దీన్ని చేయండి. పావుగంట పని. నాలుగు చిన్న గిన్నెల్లో చిటికెడు ఉప్పు, ఒక నిమ్మచెక్క, కొద్దిగా మిరపపొడి, ఒక బెల్లం ముక్క పెట్టుకోండి. గ్లాసులో కాస్త ఎర్ర వైన్ పోసుకోండి. మొదట ఉత్త వైన్ ఒక గుక్క. తర్వాత నాలుక మీద ఉప్పు అద్దుకుని ఒక గుక్క. ఇలా నాలుగింటితోనూ, మధ్యలో మంచినీళ్లు తాగుతూ.

ఉప్పు తర్వాత వైన్ మెత్తబడుతుంది. నిమ్మ తర్వాత అంతవరకు పుల్లగా ఉన్న వైన్ ఒక్కసారిగా చప్పబడి, ఇంకొంచెం తియ్యగా తోస్తుంది. బెల్లం తర్వాత అదే వైన్ పుల్లగా, చేదుగా, ముఖం ముడుచుకున్నట్టు ఉంటుంది. మిరపపొడి తర్వాత సంగతి చెప్పనక్కరలేదు. ఆల్కహాల్ రెచ్చగొట్టేది కారానికి స్పందించే నాడులనే కాబట్టి మంట రెట్టిస్తుంది. వైన్‌లోని వగరు గరుకుగా మారుతుంది.

వగరు అంటే తెలియనిది కాదు. నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక బిగుసుకుపోతుంది చూడండి, అదే. దాన్ని వైన్ వాళ్లు టానిన్ అంటారు. ద్రాక్ష తొక్క, గింజల నుంచీ ఓక్ పీపా నుంచీ వస్తుంది. తొక్కతో కలిపి పులియబెట్టేది ఎర్ర వైన్ కాబట్టి అందులో ఎక్కువ. రసం మాత్రమే పులియబెట్టే తెల్ల వైన్‌లో బాగా తక్కువ. మా బావ కషాయం అన్నది దీన్నే.

ఈ పరీక్ష నుంచి మన వంటకు పనికివచ్చే మూడు నియమాలు వస్తాయి. కారం పెరిగే కొద్దీ వైన్‌లో వగరూ ఆల్కహాలూ తగ్గాలి, చల్లదనం పెరగాలి, కాస్త తీపి ఉంటే ఇంకా మంచిది. కూర ఎంత పుల్లగా ఉంటే వైన్ కూడా కనీసం అంత పుల్లగా ఉండాలి. తీపి వంటకానికి అంతకంటే తియ్యని వైన్ కావాలి.

రెండో మెట్టు: చల్లబరచడం

ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ గది చలిదేశపు గది. మే నెలలో తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటినప్పుడు గదిలో ఉంచిన ఎర్ర వైన్ గోరువెచ్చని సారాయి వాసన కొడుతుంది. ఎర్ర వైన్‌ను వడ్డించే ముందు గంటా గంటన్నరసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. 16 నుంచి 18 డిగ్రీలకు దిగితే చాలు. తెల్ల వైన్, గులాబీ రంగు రోజే వైన్ రెండు మూడు గంటలు ఉండాలి, 8 నుంచి 12 డిగ్రీల వరకు. నురగ (స్పార్క్లింగ్) వైన్ ఇంకా చల్లగా. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసు, నీళ్లు, ఒక గుప్పెడు కల్లుప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి. ఉప్పు వల్ల ఐసు నీళ్ల వేడిమి సున్నాకు దిగువకు పోతుంది, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. గ్లాసులో మాత్రం ఐసు వేయవద్దు.

మూడో మెట్టు: వంటకాన్ని బట్టి వైన్

నాటుకోడి పులుసు, రాగి సంగటితో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. నాటుకోడికి కొవ్వు తక్కువ, కండ గట్టి. వగరును మెత్తబరిచేవి కొవ్వు, మాంసకృత్తులు. పులుసులో కొవ్వు పలచన, మిరప చిక్కన. అందుకే బరువైన ఎర్ర వైన్ ఇక్కడ ఓడిపోతుంది. షిరాజ్ ద్రాక్షతో చేసిన రోజే వైన్ బాగా చల్లబరిచి పెట్టండి. దానికి ఎర్ర పండ్ల వాసన ఉంటుంది, వగరు దాదాపు ఉండదు, ధనియాలు, గసగసాలు, కొబ్బరి కలిసిన మసాలాను కప్పేయదు. ఎర్రదే కావాలని పట్టుబడితే ఓక్ పీపా తగలని లేత షిరాజ్‌ను తెల్ల వైన్‌లా చల్లబరిచి ఇవ్వండి.

తినే క్రమం కూడా ముఖ్యం. పులుసులో ముంచిన సంగటి ముద్ద మింగి వెంటనే గ్లాసు ఎత్తవద్దు. ఉత్త సంగటి చిన్న ముద్ద ఇంకొకటి మింగి, అప్పుడు ఒక గుక్క. మంటను సంగటి సగం తుడిచేస్తుంది, రాగి మట్టివాసన మీద వైన్ నిలబడుతుంది. బెంగళూరు హోటళ్లలో రొట్టె ముక్కలు పెట్టేది ఇందుకే. సంగటి ఆ పని ఇంకా బాగా చేస్తుందని నా పక్షపాతం.

వేరుశనగ ఊరుబిండికి కాస్త తీపి తగిలే చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ మంచి జోడు. వేయించిన పల్లీల నూనెను వైన్ పులుపు కడుగుతుంది, మిరపను ఆ తీపి జోకొడుతుంది. నాసిక్‌లో 1999లో మొదలైన సులా వైనరీ చెనిన్ బ్లాంక్ ఇలాంటిదే. గుత్తి వంకాయ మసాలాలోనూ పల్లీలే కాబట్టి అదే సీసా చెల్లుతుంది.

మిరియాలతో చేసిన మాంసం వేపుడు వేరే కథ. ఇక్కడ పులుసు లేదు, పులుపు లేదు. కొవ్వు ఉంది, ఉప్పు ఉంది, మాడీ మాడని అంచులు ఉన్నాయి. ఓక్ పీపాలో మగ్గిన ఎర్ర వైన్‌కు ఇదే సరైన పీట. గ్రోవర్ జంపా వారి లా రిజర్వ్ (కాబర్నే సావిన్యాన్, షిరాజ్ కలిపి చేసినది) ఈ వేపుడు పక్కన ఠీవిగా కూర్చుంటుంది. మిరియాలకూ షిరాజ్‌కూ ఉన్న చుట్టరికం కవిత్వం కాదు, రసాయనం. నల్ల మిరియాల వాసనకు మూలమైన రొటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. అందుకే వేపుడులో ఎండుమిరప సగం తగ్గించి, ఆ మేరకు మిరియాలు దంచి వేయండి. వైన్‌ను వంటకు తగ్గించడమే కాదు, ఒక్కోసారి వంటనూ వైన్ వైపు అంగుళం జరపాలి.

చేపల పులుసుకు ఎర్ర వైన్ అసలు వద్దు. అందులోని ఇనుముతో చేప నూనె కలిసి నోట్లో నీచు రుచి వస్తుంది. చింతపండును తట్టుకోగలిగిన పులుపు సావిన్యాన్ బ్లాంక్‌ది. పులుసు మరీ చిక్కటి పులుపైతే అదీ చేతులెత్తేస్తుంది. అప్పుడు పులుసును మానేసి చేప వేపుడు చేసుకుని నిమ్మకాయ పిండుకోండి.

అలసంద వడలు, ఉల్లిపాయ పకోడీలకు నురగ వైన్. నూనెను బుడగలు చీపురులా ఊడ్చేస్తాయి. మిరపకాయ బజ్జీకి మాత్రం వద్దు, బుడగలు మంటను పొడుస్తాయి.

ఆవకాయ, గోగాకు పచ్చడి, ఉలవచారు: వీటికి వైన్ వెతకవద్దు. మజ్జిగ ఉంది కదా.

మామిడి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మన సొత్తు. దోర తోతాపురిని పలుచగా కోసి, ఉప్పు చల్లి, మిరపపొడి అంటీ అంటనట్టు రాసి, చల్లని సావిన్యాన్ బ్లాంక్‌తో పెట్టండి. వైన్‌లో పచ్చి గడ్డిని గుర్తుచేసే వాసన ఒకటి ఉంటుంది; అది తోతాపురి పచ్చిదనాన్ని పట్టుకుంటుంది. ఈ జిల్లాలో నేను తిన్న జోడీల్లో దీనికే మొదటి మార్కు. పండిన బేనీషాకు ఈ వైన్ పోస్తే మాత్రం నిమ్మరసం తాగినట్టుంటుంది. పండుకు కోత ఆలస్యం చేసి, చక్కెర పెరిగిన ద్రాక్షతో చేసే తియ్యని వైన్ కావాలి. లేట్ హార్వెస్ట్ అని సీసా మీద రాసి ఉంటుంది. ఓళిగలకూ అదే, నెయ్యి ఎక్కువ వేసుకుంటే ఇంకా బాగా అతుకుతుంది.

నాలుగో మెట్టు: వడ్డించడం

750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులకు వస్తుంది. గ్లాసులో మూడో వంతే పోయండి, వాసన తిరగడానికి చోటుండాలి. నురగ వైన్, తెల్లది, రోజే, ఎర్రది, చివర తియ్యనిది: ఈ వరుస తప్పితే వెనక వచ్చేది చప్పగా తోస్తుంది. ప్రతి మనిషి ముందూ మంచినీళ్ల గ్లాసు తప్పనిసరి. వైన్‌లో ఆల్కహాల్ సుమారు 12 నుంచి 14 శాతం, లైట్ బీరు కంటే రెట్టింపు పైమాటే. దాహానికి తాగేది కాదు. తాగని వాళ్లకు నన్నారి షర్బత్ కలపండి, నిమ్మ ఎక్కువ, తీపి తక్కువ. పై నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి, నాటుకోడితో రోజే కంటే అదే నచ్చిందని చెప్పిన వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

శాకాహారులు ఒక్క సంగతి గమనించాలి. కొన్ని వైన్‌లను తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం వాడే పద్ధతి ఉంది. పట్టింపు ఉంటే సీసా మీద చూసుకోండి, లేదా వైనరీని అడగండి.

మిగిలితే

మూత బిగించి ఎర్రదైనా తెల్లదైనా ఫ్రిజ్‌లోనే పెట్టండి. మూడు రోజుల్లో తాగేయాలి. నురగ వైన్ మర్నాటికే నీరసిస్తుంది. తెరవని సీసాను ఫ్రిజ్ నెత్తిన, పొయ్యి పక్కన పెట్టవద్దు. మంచం కింద చీకట్లో, బెరడు బిరడా (కార్క్) ఉన్నదైతే పడుకోబెట్టి ఉంచండి. నాలుగో రోజు మూత తీస్తే పుల్ల వాసన వస్తోందా? ఎర్రదైతే మాంసం నానబెట్టేటప్పుడు అల్లం వెల్లుల్లితో పాటు రెండు గరిటెలు పోయండి, ఒక నిమ్మకాయ ఆదా. కనుమ నాటి కషాయం చివరికి చేరింది అక్కడికే. ఆ వేపుడును మా బావ రెండోసారి వడ్డించుకున్నాడు.