మేయో హాలును అంతస్తుల వారీగా చూడటం ఎలా

ఎంజీ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసులకు వెళ్లే బెంగళూరు తెలుగువాళ్లలో చాలామంది మేయో హాలును కోర్టుగానే ఎరుగుదురు. ఆ భవనం ఎన్ని పనులకు ఉపయోగపడిందో తెలుసుకోదలచినవారు సెలవు రోజున కాక, కక్షిదారులూ వకీళ్లూ తిరిగే పనిదినాన వెళ్లడం మంచిది.

బయలుదేరే ముందు మూడు సంవత్సరాలను గుర్తు పెట్టుకోండి. వైస్రాయ్ మేయో ప్రభువు 1872లో అండమాన్లలో హత్యకు గురయ్యాడు; ఆయన స్మారకంగా ఈ హాలు 1883లో వెలిసింది; 1949లో పేట (పాత ఊరు) పురపాలక సంఘమూ, దండు (బ్రిటిష్ వారి కంటోన్మెంటు) పురపాలక సంఘమూ కలిసి ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. ఈ హాలున్న దండుకు విడిగా సంఘమంటూ లేకుండా పోయిన ఆ మూడో సంవత్సరమే ఈ భవనం కథలో అసలు మలుపని నా అభిప్రాయం.

అక్కడికి చేరాక బోర్డులను నమ్ముకోకండి, అంతస్తులను చూడండి. కట్టిన నాడు పై అంతస్తును బహిరంగ సభలకు, కింది అంతస్తును ప్రభుత్వ కార్యాలయాలకు కేటాయించారు. నేడు కింద కోర్టులు నడుస్తున్నాయి. పైన 1537లో బెంగళూరును నిర్మించిన కెంపేగౌడ పేరిట 2011 నుంచి మ్యూజియం ఉంది. పనులు ఎన్ని మారినా, కింద కాగితాల వ్యవహారం, పైన జనం వచ్చి కూడే చోటు అన్న తొలి అమరిక చెక్కుచెదరలేదు. ఇది నాకెంతో ఇష్టమైన విషయం కనుక, మెట్లెక్కేటప్పుడు తొందరపడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

తరువాత దగ్గరికి వెళ్లి చూడవలసినవి ఉన్నాయి. ఏ పాత కార్యాలయ భవనంలోనైనా బోర్డు ఊడదీసిన చోట మేకుల చిల్లులు, చుట్టూ వెలిసిన సున్నం మధ్య వెలవని నలుచదరపు మరక, గదిని రెండు చేస్తూ అడ్డంగా లేపిన గోడ కిటికీ కమానును సగానికి కోసిన తీరు, ఇవన్నీ అక్కడ పని మారిందనడానికి సాక్ష్యాలు. ఫోటో తీయాలంటే ముందుగా అనుమతి అడగండి. కోర్టు ఆవరణలో ఇది తప్పనిసరి.

చివరగా అక్కడి పెద్దవారిని పలకరించండి. "మొదలు ఇల్లి ఏనిత్తు?" (మొదట ఇక్కడ ఏముండేది?) అని కన్నడంలో అడిగితే చాలు. విన్నదానిని తేదీ వేసి, ఏ గదిని గురించి చెప్పారో పక్కనే రాసుకోండి.